12 రోజుల పాప, సాయంత్రమైతే రొమ్ము వదలదు. పాలపీక పెట్టొచ్చా?

మహేంద్రతనయ_ఒడ్డున
పాపకి 12 రోజులు. నెలలు నిండి, మామూలు కాన్పులో 2.9 కిలోలతో పుట్టింది. మూడో రోజు ఇంటికి పంపినప్పుడు 2.7. ఏడో రోజు ఆశా దీదీ తూస్తే 2.78 అన్నారు. ఇవాళ ఆస్పత్రిలో 2.82. తల్లిపాలు తప్ప డబ్బాపాలు పట్టలేదు. పగలు రెండు గంటలకోసారి తాగి పడుకుంటాది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మాత్రం రొమ్ము వదలదు, తీస్తే ఏడుపే. ఎనిమిదో రోజు అత్తయ్యగారు పర్లాకిమిడి బజారు నుంచి పాలపీక తెచ్చారు, సీసాది కాదు, పాలు లేకుండా ఊరికే చప్పరించేది. అది పెడితే ఊరుకుంటంది, రెండేసి గంటలు పడుకుంటంది. మా అమ్మేమో పీక అలవాటైతే రొమ్ము పట్టదు, తీసి పారెయ్ అంటంది. ఇద్దరి మధ్య ఏటి చెయ్యాలో తెలీడం లేదు. పెట్టొచ్చా, కూడదా? పెడితే ఎప్పుడు, ఎంతసేపు?

బల్లార్షా_సిస్టర్
ముందు ఇది చెప్పు చెల్లె. 24 గంటల్ల తడి బట్టలు ఎన్ని? దొడ్డికి ఎన్నిసార్లు, ఏ రంగు? పీక సంగతి తర్వాత చూద్దాం.

మహేంద్రతనయ_ఒడ్డున
నిన్నటి లెక్క తడి బట్టలు ఐదు. విరేచనం రెండుసార్లు, పసుపు రంగే.

బరంపురం_పాలసలహా
మీ ప్రశ్నకి జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉందమ్మా. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో 7 శాతం వరకు తగ్గడం మామూలే. మీ పాప 200 గ్రాములు తగ్గింది, అంటే దాదాపు 7. అక్కడివరకు దిగులు లేదు. పాలు పడ్డాక రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి, 10 నుంచి 14 రోజుల్లో పుట్టిన బరువుకి చేరాలి. మూడో రోజు నుంచి ఏడో రోజుకి 80 గ్రాములు, రోజుకి 20. ఏడు నుంచి పన్నెండుకి 40 గ్రాములే, రోజుకి 8. పీక వచ్చింది ఎనిమిదో రోజున. ఐదో రోజు దాటాక తడి బట్టలు కనీసం ఆరు ఉండాలి, పసుపు విరేచనం మూడు నాలుగుసార్లు అవ్వాలి. మీకు రెండూ తక్కువే.

ఆకలేసిన బిడ్డ ముందు నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతుంది, పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లోకి తోస్తుంది. ఏడుపు వచ్చేది చివర్లో. ఆ మొదటి గుర్తుల దగ్గరే పీక నోట్లో పడితే చప్పరింపు తీరుతుంది, కడుపు మాత్రం ఖాళీగా ఉంటుంది. అలసి నిద్రపోతుంది. రెండు గంటల నిద్ర అంటే ఒక విడత పాలు పోయినట్టే. రోజుకి 8 నుంచి 12 సార్లు తాగాల్సిన బిడ్డ 6 సార్లకి దిగుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే పాలు అంత ఊరతాయి, నిండుగా ఉండిపోతే తయారీ తగ్గుతుంది. ఇంకో వారం ఇలాగే సాగితే పాప ఏడుపుకి నిజంగానే పాలు చాలకపోవడం కారణమవుతుంది. అప్పుడు ఇంట్లో అందరూ డబ్బా తెమ్మంటారు.

కాబట్టి ప్రస్తుతానికి పీక లోపల పెట్టేయండి. పారెయ్యక్కర్లేదు. నాలుగు వారాలు నిండి, బరువు సరిగా ఎక్కుతుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కాశీనగరం_ఏఎన్‌ఎం
బరంపురం మేడం లెక్క బాగుంది గాని ఆ మధ్య అంకె మీద నిలబడదు. ఆశా దీదీ సంచిలో ఉండేది వేలాడదీసే స్ప్రింగ్ కాటా. దాని మీద 2.78 అని ఎవరూ చదవలేరు, గీతల మధ్య అంచనాగా చెప్పడమే. ఆస్పత్రిది డిజిటల్. రెండు వేర్వేరు కాటాల మధ్య 40 గ్రాముల తేడా చూసి పీకని దోషిని చెయ్యకూడదు. నమ్మదగ్గ అంకెలు రెండే, మూడో రోజు 2.7, పన్నెండో రోజు 2.82.

బరంపురం_పాలసలహా
ఒప్పుకుంటున్నాను. ఏడో రోజు అంకె తీసేద్దాం. అయినా 9 రోజుల్లో 120 గ్రాములంటే రోజుకి 13. అదీ తక్కువే. తడి బట్టలు కూడా అదే చెబుతున్నాయి.

కాశీనగరం_ఏఎన్‌ఎం
అది నిజం. అందుకే 14వ రోజు అదే డిజిటల్ కాటా మీద తూయించమ్మా. బట్టలు, మొలతాడు, గాజులు అన్నీ తీసి, పాలు పట్టక ముందు. ఈ రెండు రోజులు పీక లేకుండా చూడు. ఆశా దీదీ ఇంటికి వచ్చే రోజులు 3, 7, 14, 21, 28, 42. పద్నాలుగో రోజు ఎలాగూ వస్తారు, అప్పుడు పాప రొమ్ము పట్టే తీరు కూడా చూడమను.

ధర్మాబాద్_నాన్న
ఒక్క మాట. పీక వల్ల రొమ్ముపాలు తగ్గవని పెద్ద పరిశోధన ఉన్నది గదా? మా దిక్కు పిల్లల డాక్టర్లు అదే చెప్తరు. మరి ఇంత భయం ఎందుకు పెడుతున్నరు?

రాయగడ_పిల్లలవార్డు
ఆ పరిశోధన ఉంది, అది చెప్పింది సరైనదే. ఎవరి గురించి చెప్పిందో చూడాలి. వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2016లో కొత్తగా చేసిన సమీక్షలో రెండు ప్రయోగాలు, 1302 మంది పిల్లలు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవాళ్ళు, రొమ్ముపాలే ఇవ్వాలని గట్టిగా అనుకున్న తల్లులు. అలాంటి చోట పీక పెట్టినా పెట్టకపోయినా నాలుగు నెలల వరకు రొమ్ముపాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బరువు ఇంకా అందుకోని బిడ్డకి, తడి బట్టలు ఐదే ఉన్న బిడ్డకి ఆ ఫలితం వర్తించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో తల్లిపాలు బాగా సాగడానికి ఆస్పత్రులు పాటించాల్సిన పది మెట్లు రాసినప్పుడు తొమ్మిదో మెట్టులో పీకలు అసలు ఇవ్వొద్దన్నారు. 2018లో దాన్ని సవరించి, సీసాలు, పీకల వాడకం గురించీ వాటి ప్రమాదాల గురించీ తల్లికి వివరించాలి అని మార్చారు. నిషేధం పోయి సలహా వచ్చింది. అంటే సలహా ఇచ్చేవాళ్ళ పని పెరిగింది.

ఇక పీక అలవాటైతే రొమ్ము పట్టదనే మాట. రొమ్ము పట్టడానికి బిడ్డ ఆవలించినట్టు నోరు బాగా తెరవాలి, నాలుక కింది చిగురు దాటి ముందుకి రావాలి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. పీకకి అంత నోరు తెరవక్కర్లేదు, నాలుక కొనతో నొక్కి పట్టుకుంటే చాలు. కొందరు పిల్లలు రొమ్ము మీద కూడా అదే చేస్తారు. తల్లికి చనుమొన పగులుతుంది, బిడ్డకి పాలు రావు. అందరు పిల్లలకీ ఇలా జరగదు, ఇది ఎంతమందికి జరుగుతుందో పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. అయితే ఇంకా రొమ్ము పట్టడమే నేర్చుకుంటున్న మొదటి మూడు నాలుగు వారాల్లో ఆ ప్రయోగం ఎందుకు చెయ్యాలి?

నెలలు తక్కువ పిల్లల సంగతి వేరు. చప్పరించడం, మింగడం, ఊపిరి మూడూ కలిసి కుదిరేది దాదాపు 34 వారాలకి. అంతకు ముందు గొట్టం ద్వారా పాలు పోస్తున్నప్పుడు నోటికి చప్పరించడానికి ఏదైనా ఇస్తే నోటితో తాగడం త్వరగా వస్తుంది, ఆస్పత్రి నుంచి త్వరగా ఇంటికి వెళతారు. దానికి కూడా పాలు పిండేసిన తల్లి రొమ్మే మంచిది. తల్లి దగ్గర లేకపోతే పీక. అక్కడ అది వైద్యంలో భాగం.

ధర్మాబాద్_నాన్న
అర్థమైంది సార్. 1302 మంది ఎవరో తెలియక మాట్లాడిన.

సిరొంచ_తాయి
పీక తీసేయమని అందరు చెప్తున్నరు, ఆరు నుంచి పది దాకా ఆ తల్లి ఏం చేయాల్నో ఎవ్వరు చెప్తలేరు. అది చెప్త.

సాయంత్రం పూట చిన్న పిల్లలు గంటల తరబడి మళ్ళమళ్ళ తాగుడు రోగం కాదు. సాయంత్రానికి రొమ్ముల పాలు ఒక్కసారికి కొంచెమే వస్తయి, కాబట్టి ఎక్కువసార్లు తాగి లెక్క సరిచేసుకుంటది. రెండు మూడు వారాలప్పుడు, మళ్ళ ఆరు వారాలప్పుడు ఇది ఇంకా ఎక్కువైతది. ఆ ఎక్కువ చప్పరింపే రేపటి పాలకు కబురు పంపినట్టు.

ఐదున్నరకే నువ్వు కడుపునిండ తినాలె, పక్కన చెంబు నిండ నీళ్ళు పెట్టుకోవాలె. గోడకు ఆనుకొని కూచో, నడుము వెనుక దిండు, ఒళ్ళ దిండు. పాప కడుపు నీ కడుపుకు తగలాలె, చెవి, భుజం, తుంటి ఒక్క గీతల ఉండాలె. నోరు పెద్దగ తెరిచినంక రొమ్ము దగ్గరికి పాపను తేవాలె గని పాప మీదికి నువ్వు వంగొద్దు. గదువ రొమ్ముకు ఆనాలె, కింది పెదవి బయటికి తిరగాలె, బుగ్గలు గుండ్రంగ ఉండాలె. గుటక వినబడాలె. రెండు మూడు చప్పరింపులకు ఒక గుటక అయితే పాలు పోతున్నట్టు. గుటక ఆగి ఊరికె చప్పరిస్తుంటే రొమ్మును నాలుగు వేళ్ళు కింద, బొటనవేలు మీద పెట్టి నెమ్మదిగ నొక్కి పట్టు, నొప్పి రావద్దు. మళ్ళ గుటక వస్తది. నొక్కినా రాకపోతే రెండో రొమ్ము. అది అయినంక మళ్ళ మొదటిది. ఇట్ల నాలుగైదు సార్లు మార్చినా తప్పు లేదు.

మధ్యల భుజాన వేసి తేన్పు తీయాలె. తడి బట్ట చూడాలె. తర్వాత లంగోటి ఒక్కటి ఉంచి నీ ఛాతి మీద చర్మానికి చర్మం తగిలేటట్టు పండబెట్టుకో, మీద పల్చటి బట్ట కప్పు. నువ్వు కునుకు తీసేటట్టుంటే పాపను ఇంకొకరికి ఇయ్యాలె.

గిదంత కొత్త చదువు కాదు. ఇంటికొచ్చి పసిపిల్లను చూసుడు అనే పద్ధతి మా గడ్చిరోలి జిల్లాల అభయ్ బంగ్, రాణి బంగ్ డాక్టర్లు ఊరి ఆడోళ్ళకు నేర్పి చూపించిందే, 1999ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చింది. ఇప్పుడు దేశమంతట ఆశాలు చేసేది దాని నుంచే వచ్చింది.

మహేంద్రతనయ_ఒడ్డున
సిరొంచ అక్కా, గుటక సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఈ పూట చూశాను. కుడివైపు గుటకలు వినిపించాయి, ఎడమవైపు ఊరికే చప్పరిస్తంది, చనుమొన బయటికి వచ్చాక లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది.

సిరొంచ_తాయి
అదే గుర్తు. ఎడమ దిక్కు నోరు చిన్నగ తెరిచి కొననే పట్టుకున్నది. నీ చిటికెన వేలు పాప నోటి మూల నుంచి పెట్టి పట్టు విడిపించు, లాగకు. చనుమొన పాప ముక్కుకు ఎదురుగ ఉండేటట్టు పెట్టి మళ్ళ మొదలుపెట్టు, అప్పుడు తల వెనక్కి వంచి నోరు పెద్దగ తెరుస్తది. ఎడమ దిక్కు పాపను నీ చంక కింద నుంచి, కాళ్ళు వెనక్కి పోయేటట్టు పట్టుకొని చూడు. చాలమందికి అట్ల కుదురుతది.

గుణుపురం_మెడికల్స్
నాలుగు వారాల తరవాత వాడేవాళ్ళ కోసం, ఏది కొనాలో చెప్తాను. మా కౌంటర్లో జనం రంగు చూసి తీసుకుంటారు, అది చివర చూడాల్సింది.

ఒకే ముక్కగా పోసిన సిలికాన్ పీక తీసుకోండి. కొన, పళ్ళెం, ఉంగరం వేర్వేరుగా అతికించినవైతే అతుకు ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది. పళ్ళెం గట్టిగా, అడ్డం 38 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి. అంతకన్నా చిన్నదైతే మొత్తం నోట్లోకి పోతాది. పళ్ళేనికి గాలి కంతలు ఉండాలి. పెట్టె మీద నెలల కొలత చూసి, పుట్టిన పిల్లల సైజు అడగండి. పసుపుపచ్చగా మెత్తగా ఉండే రబ్బరు రకం ఎండకీ వేడికీ త్వరగా జిగటపడి పగులుతాది.

రిబ్బనూ, దారమూ, గొలుసూ కట్టకూడదు. మెడలో వెయ్యడం అసలు వద్దు, ఉయ్యాల కొక్కేనికి కట్టడమూ వద్దు. పాలసీసా నిపుల్‌లో దూది కుక్కి పీకలా ఇస్తుంటారు, అది ఊడి వస్తాది. వాడే ముందు ప్రతిసారీ కొనని నాలుగు వైపులా గట్టిగా లాగి చూడండి. చీలిక, జిగట, రంగు మారడం, ఉబ్బడం, ఏది కనబడినా పారెయ్యండి. బాగానే ఉన్నా నెల, రెండు నెలలకి మార్చాలి.

మహేంద్రతనయ_ఒడ్డున
అత్తయ్యగారు తెచ్చినదానికి గులాబీ రిబ్బను ఉంది. ఉంగరం వేరుగా అతికించిందే. ఇంకో విషయం, మొదట చెప్పలేదు. పీకని తేనెలో ముంచి పెడుతున్నారు. పుట్టిన పిల్లకి తేనె నాకించడం మా వైపు మంచిదంటారు కదా, అందుకని అది ఆహారం కిందకి రాదనుకున్నాను.

రాయగడ_పిల్లలవార్డు
తేనె ఇప్పుడే, ఈ రాత్రే ఆపండమ్మా. ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా కూడదు. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు. పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి నరాల్ని పట్టేసే విషం తయారుచేస్తాయి. మామూలుగా మరగబెట్టినా ఆ బీజాలు చావవు. అడవి తేనె, ఇంటి తేనె, సీసా తేనె అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

తేనె తిన్న పిల్లలందరికీ ఇది రాదు. అరుదైన జబ్బే. అయినా గమనించాలి. విరేచనం ఆగిపోవడం, పాలు చప్పరించే బలం తగ్గడం, ఏడుపు సన్నబడటం, కనురెప్పలు వాలడం, మెడా చేతులూ వేలాడిపోవడం. తేనె పట్టిన 3 రోజుల నుంచి నెల లోపు ఇవి కనిపించవచ్చు. ఒక్కటి కనబడినా ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళి, తేనె పట్టామని ముందే చెప్పండి. దాచొద్దు.

పీకని పంచదార నీళ్ళలో, గ్రైప్ వాటర్‌లో ముంచడమూ ఇంతే, వద్దు.

బల్లార్షా_సిస్టర్
నువ్వు చెప్పినందుకు మంచిదైంది చెల్లె. మా దిక్కు మరాఠీ ఇండ్లల్ల మూలికలు అరగదీసి నాకించే బాళగుటి, తెలుగు ఇండ్లల్ల వస కొమ్ము, ఆముదం, ఇవన్ని ఇదే ఖాతా. అడిగితే ఎవ్వరు చెప్పరు, ఆహారం కాదనుకుంటరు.

నీళ్ళ సంగతి గుడ చెప్త. చంద్రపూర్ దిక్కు ఎండలు 45 దాటుతయి, పిల్ల గొంతు ఎండుతదని పీక తడిపి పెడ్తరు, నీళ్ళు పడ్తరు. రొమ్ముపాలల్ల 88 శాతం దాకా నీళ్ళే ఉంటయి. ఆరు నెలలు నిండేదాక వేరే నీళ్ళు అక్కరలేదు. ఎండ ఎక్కువైతే పాలు ఎక్కువసార్లు ఇయ్యాలె, తల్లి నీళ్ళు ఎక్కువ తాగాలె.

మహేంద్రతనయ_ఒడ్డున
తేనె ఆపేశాం. రాయగడ సార్ రాసిన గుర్తులు అత్తయ్యగారికి చదివి వినిపించాను, ఆవిడే సీసా అటక మీదకి ఎక్కించారు. ఇప్పటికి ఆ గుర్తులేవీ లేవు.

కాశీనగరం_ఏఎన్‌ఎం
మంచి పని చేశారు. అత్తయ్యగారికి చేతినిండా పని కూడా ఇవ్వమ్మా. ఏడుస్తున్న మనవరాలిని చూసి ఊరుకోలేకే పీక కొన్నారు. తేన్పు తీయడం, తడి బట్టలు మార్చి లెక్క రాయడం, పాలయ్యాక భుజాన వేసుకుని తిప్పడం ఆవిడకి అప్పగించు. పాపకి చప్పరింపు కావాలనిపిస్తే, కడుపు నిండాక మాత్రమే, గోరు కత్తిరించి సబ్బుతో కడిగిన చిటికెన వేలు ఇవ్వొచ్చు. వేలి మెత్తటి వైపు అంగిలికి తగిలేలా పెట్టాలి, గోరు వైపు నాలుక మీదకి. ఊరికే చప్పరిస్తే సరే. గట్టిగా లోపలికి లాగుతుంటే ఆకలి తీరలేదని అర్థం, మళ్ళీ నీకు ఇవ్వాలి.

ధర్మాబాద్_నాన్న
పీక పెట్టుకొని పండుకుంటే నిద్రల ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం తగ్గుతదని చదివిన. అది నిజమైతే నాలుగు వారాలు ఆగుడు నష్టం కాదా?

రాయగడ_పిల్లలవార్డు
నిజమే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ నిద్రకి పడుకోబెట్టేటప్పుడు పీక ఇవ్వమని చెబుతుంది. అదే అకాడమీ రొమ్ముపాలు తాగే పిల్లలకి పాలు బాగా కుదిరాకే ఇవ్వమంటుంది. రొమ్ముపాలు కూడా ఆ ప్రమాదాన్ని తగ్గించేవే, కాబట్టి పాలు పాడుచేసుకుని పీక పెట్టడంలో అర్థం లేదు. వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టి పరుపు, ముఖం దగ్గర దిండ్లూ దుప్పట్లూ లేకపోవడం, ఇంట్లో పొగ తాగకపోవడం, ఇవి మొదటి రోజు నుంచే చెయ్యాలి. నాలుగు వారాల తర్వాత పీక ఇస్తే, నిద్రలో జారిపోయినదాన్ని మళ్ళీ పెట్టక్కర్లేదు. వద్దన్న బిడ్డకి బలవంతంగా పెట్టకూడదు.

జయపురం_పళ్ళడాక్టరు
పళ్ళ వైపు నుంచి కొంచెం. ఈ వయసులో పీక వల్ల దవడకి ఏమీ కాదు. ఇబ్బంది రెండు మూడేళ్ళు దాటినా మాననప్పుడు. పై పళ్ళు ముందుకి వస్తాయి, నోరు మూసినా ముందు పళ్ళ మధ్య సందు ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత మధ్య చెవికి చీము పట్టడం కూడా పీక వాడేవాళ్ళలో ఎక్కువ. అందుకని ఆరు నెలల నుంచి నిద్రకి మాత్రమే ఉంచి, ఏడాదికల్లా మాన్పించండి. పెద్దవాళ్ళు నోట్లో పెట్టి శుభ్రం చేసి ఇస్తుంటారు, అలా చెయ్యకండి. మన నోటి క్రిములన్నీ దానికి అంటుకుంటాయి.

కాశీనగరం_ఏఎన్‌ఎం
ఎవరూ చెప్పనిది ఒకటి. పాలిచ్చినన్నాళ్ళూ గర్భం రాదని నమ్ముకునేవాళ్ళు మన వైపు ఎక్కువ. ఆ రక్షణ నిలవాలంటే మూడూ ఉండాలి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, నెలసరి తిరిగి రాకూడదు, బిడ్డకి రొమ్ముపాలే ఆహారం అవ్వాలి. పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు మించి ఎడం రాకూడదు. పీక పెట్టి రాత్రి ఎడం పెంచితే ఆ లెక్క తప్పుతాది. అలాంటప్పుడు వేరే పద్ధతి కావాలి, ఊళ్ళో తల్లీబిడ్డల్ని చూసే మమతా దివస్ రోజున అడగండి.

బల్లార్షా_సిస్టర్
నోటిపూత గుడ చూస్తుండాలె. నాలుక మీద తెల్లటి పాలచార తుడిస్తే పోతది. బుగ్గల లోపల పెరుగు ముక్కల లెక్క తెల్లగ అంటుకొని, తుడిస్తే పోకుండ కింద ఎర్రగ కనబడితే అది పూత. తల్లికి చనుమొనల మంట, పాలిచ్చినంక సూదులు గుచ్చినట్టు నొప్పి. బిడ్డకు, తల్లికి ఒక్కసారే మందు వాడాలె. ఒక్కరికే వాడితే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతనే ఉంటది. పీక ఉంటే రోజు ఉడకబెట్టాలె, పూత తగ్గినంక ఆ పీక పారేసి కొత్తది తీసుకోవాలె.

గుణుపురం_మెడికల్స్
ఉడకబెట్టడం ఎలాగో రాస్తాను, చాలామంది వేడినీళ్ళలో ముంచి తీసేస్తారు. వేరే గిన్నె ఒకటి దీనికే ఉంచండి. అడుగున చిన్న స్టీలు చిల్లుల పళ్ళెం వెయ్యండి, పీక అడుగుకి తగిలితే కాలుతాది. పీక పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి, తెర్లడం మొదలయ్యాక 5 నిమిషాలు. మూత పెట్టి అలాగే చల్లారనివ్వండి. కొనలో నీళ్ళు దాక్కుంటాయి, పిండి తీయకపోతే లోపలి వేడినీళ్ళకి నోరు కాలుతాది. మొదటిసారి వాడే ముందు ఇది తప్పనిసరి, ఆరు నెలల వరకు రోజూ. కింద పడితే కడిగి మళ్ళీ ఉడకబెట్టాలి, కాబట్టి రెండు ఉంచుకోవాలి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో తెల్లటి పొర కడతాది, నిమ్మరసం కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టి కడిగితే పోతాది. ఆ పొరలో గరుకు ఉంటే మాత్రం పారెయ్యండి.

మహేంద్రతనయ_ఒడ్డున
14వ రోజు అదే డిజిటల్ కాటా, బట్టల్లేకుండా, పాలకి ముందు 2.89. తడి బట్టలు నిన్న ఎనిమిది, విరేచనం నాలుగు. ఎడమవైపు చంక కింద పట్టుకుంటే గుటకలు వస్తన్నాయి. సాయంత్రాలు ఇంకా గంటల తరబడి తాగుతాది. పీక తియ్యగానే మొదటి రాత్రి బాగా ఏడ్చింది, రెండో రాత్రి తక్కువ.

బరంపురం_పాలసలహా
రెండు రోజుల్లో 70 గ్రాములు. కాటా ఒక్కటే కాబట్టి కాశీనగరం గారు కూడా ఒప్పుకుంటారు. ఒక్క తూకం మీద నిశ్చింత పడకుండా 21వ రోజు మళ్ళీ తూయించండి. అప్పటికి 3 కిలోలు దాటాలి.

కాశీనగరం_ఏఎన్‌ఎం
ఒప్పుకున్నాను.

మహేంద్రతనయ_ఒడ్డున
నాలుగు వారాల తరవాత పెట్టాలనుకుంటే ఏ వరసలో పెట్టాలి? ఆరు వారాలకి ఏడుపు ఇంకా పెరుగుతాదంటన్నారు.

బరంపురం_పాలసలహా
పెరుగుతుంది. రెండు వారాల నుంచి మొదలై ఆరు వారాల దగ్గర శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. పీక పనికొచ్చేది అప్పుడే.

ఏడుపు వినబడగానే పీక అందుకోవద్దు. ముందు రొమ్ము. తాగి రొమ్ము తానే వదిలేసి, తేన్పు అయ్యి, బట్ట పొడిగా ఉండి, ఎత్తుకున్నా ఊరుకోకపోతే అప్పుడు పీక. కొనని కింది పెదవికి తగిలించి ఆగండి, నోరు తెరిచి తానే తీసుకోవాలి. పది పదిహేను నిమిషాల్లో నిద్రపట్టకపోతే, ఉమ్మేస్తే, తల తిప్పుతూ వెతుకుతుంటే తీసేసి మళ్ళీ రొమ్ము. ఒక విడత పాలకి ఇంకో విడత పాలకి మధ్య ఎడం పెంచడానికి వాడకూడదు. పీక వాడిన రోజుల్లో తడి బట్టలు ఆరు కన్నా తగ్గినా, వారంలో 140 గ్రాములు ఎక్కకపోయినా ఆపెయ్యాలి. పచ్చకామెర్లున్న బిడ్డకి, పాలకి లేపాల్సి వచ్చే బిడ్డకి, జ్వరంతో నీరసంగా ఉన్న బిడ్డకి పెట్టకూడదు. ఆరో వారం టీకా రోజున సూది వేసేటప్పుడు రొమ్ము ఇవ్వండి, ఆ నొప్పికి పీక కన్నా అది బాగా పనిచేస్తుంది. టీకా వేసేవాళ్ళని ముందే అడిగి, కూర్చుని పట్టుకోండి.

గుణుపురం_మెడికల్స్
అప్పటికి ఆ రిబ్బను పీక వాడొద్దమ్మా, ఒకే ముక్కది కొత్తది కొనండి. పాతదాన్ని చెత్తలో వేసే ముందు కొన కత్తిరించండి, ఇంకో పిల్ల నోట్లోకి వెళ్ళకుండా.